పసుపు కడిగిన రాయి

మా బడిలో సైన్సు ల్యాబు ఇల్లు మారుతోంది. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి. రాళ్ళ పెట్టెలు ఎక్కిస్తే లిఫ్టు పాడవుతుందని మెయింటెనెన్సు అతను, మెట్లమీద మోస్తే మా నడుములు పాడవుతాయని ఆయమ్మలు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే కనక పెట్టెలు వరండాలోనే ఉన్నాయి. కొత్త ల్యాబులో అన్నీ అద్దాల అల్మారాలు. ప్రతి రాయి ముందూ ఒక చీటీ ఉండాలట. పేరు, దొరికిన చోటు, వయసు. నేను కూర్చుని అన్నిటికీ రాశాను. ఒక్కటి మిగిలింది. చిన్న కొబ్బరికాయంత ఉంటుంది, బూడిద రంగు, సందుల్లో ఎంత తోమినా పోని పసుపు. ప్రిన్సిపాల్ మేడం దాన్ని రెండువేళ్ళతో కదిపి చూసి, "ఇది ఏదో కన్‌స్ట్రక్షన్ వేస్ట్ లాగా ఉందండీ, తీసేయొచ్చు కదా" అన్నారు. ఆవిడది కామర్సు. అయినా ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. "ఉండనివ్వండి మేడం" అన్నాను. ఆషాఢం వచ్చింది, మొదటి ఆదివారం గడిచిపోయింది, ఏటా ఈపాటికి నా టేబుల్ మీదికి వచ్చే చిన్న పొట్లం ఇంకా రాలేదు. ఫోను చేసి అడగవచ్చు. అడిగితే ఏం వినవలసి వస్తుందో అని అడగలేదు. చీటీ రాయవలసిన పెన్ను చేతిలో ఉంది కనక, చీటీలో పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది భూగర్భశాస్త్రం. సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో. పెళ్ళిచూపుల్లో అమ్మాయి రాళ్ళమీద చదివిందని మావాళ్ళు చెబితే కాబోయే అత్తగారు వజ్రాలనుకుని చాలా ఆదరంగా చూశారు. తర్వాత అసలు సంగతి తెలిసినా ఆదరం తగ్గించలేదు, అది ఆవిడ గొప్పతనం. మావారి ఉద్యోగం మాదాపూర్‌లో. మొదటిసారి ఈ ఊరు వచ్చినప్పుడు క్యాబు కిటికీలోంచి గుట్టలు చూశాను. ఒకదానిమీద ఒకటి ఎవరో తీరిగ్గా పేర్చి, దింపడం మరచిపోయినట్టున్న బండలు. ఇంచుమించు రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఆయన అటు చేయి చూపించి "అదిగో మా ఆఫీసు" అన్నారు. నేను "అబ్బ, ఎంత బాగుందండీ" అన్నాను. ఇద్దరం రెండు వేర్వేరు వాటిని చూస్తున్నామని ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఆ గుట్టల్లో కొన్ని ఈ మధ్యలో మాయమయ్యాయి. పగటిపూట ఉన్నట్టుండి బండలు పేల్చే సైరను మోగుతుంది, ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత కిటికీ అద్దాలు జల్లుమంటాయి. మా క్లాసులో పిల్లలు తలెత్తి కూడా చూడరు. అంతటి వయసున్నది వెళ్ళిపోయిందని నేను మాత్రం సుద్దముక్క పట్టుకుని ఒక్క క్షణం ఆగుతాను. సంతాపం అనను. సిలబస్ వెనకబడుతుంది కనక అంతకన్నా ఎక్కువ ఆగను.

గోపన్‌పల్లి వైపు ఉన్న ఈ బడిలో చేరాక అయిదో తరగతికి 'రాళ్ళ వారం' మొదలుపెట్టాను. పుస్తకంలో ఒక పేజీ ఉంది, బట్టీపడితే పావుగంట. నాకు అది నచ్చలేదు. ఎవరి రాయి వాళ్ళు తెచ్చుకోండి అన్నాను. మర్నాడు తల్లుల ఫోన్లు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో రాయి దొరకడం లేదని ఒకావిడ, ఏ బ్రాండు తీసుకోవాలని ఇంకొకావిడ. ఊరంతా రాయిమీద కూర్చుని ఉంది, రాయి ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. వాళ్ళని అనడానికి లేదు. గేటెడ్ కమ్యూనిటీలో నేల కనిపించదు, కనిపించిన చోట గడ్డి దిగుమతి చేసి పరుస్తారు. చివరికి అక్వేరియంలో రంగురాళ్ళు, పూలకుండీల్లో తెల్లరాళ్ళు, వంటింటి ప్లాట్‌ఫారం కోయగా మిగిలిన నల్ల ముక్కలు వచ్చాయి. ఒక బుడతడు చిన్న సీసాలో వాళ్ళ తాతగారి కిడ్నీలో రాయి తెచ్చాడు. తాతగారి అనుమతితోనేనట. దాన్ని ఖనిజంగా లెక్కవేయాలా వద్దా అన్నదానిమీద క్లాసులో జరిగిన వాదన మా స్టాఫ్ మీటింగుల కన్నా బాగా జరిగింది.

పద్ధతి ఒకటే. ముందు రాయిని కడగాలి. దుమ్ము, రంగు, మెరుగు అన్నీ పోవాలి, పైరంగు ఎప్పుడూ మోసం చేస్తుంది. తర్వాత గోరుతో గీకాలి, గీత పడకపోతే నాణెంతో, అదీ కాకపోతే ఇనుపమేకుతో. బాత్‌రూం పలక వెనకవైపు గరుకుమీద రుద్ది ఏ రంగు గీత వస్తుందో చూడాలి. నిమ్మరసం ఒక చుక్క వేసి భూతద్దంతో చూడాలి, బుస్సుమని బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు. చూసింది రాయాలి. 'కావచ్చు' అన్న మాట మాత్రం రాయకూడదు. అదొక్కటే నా కఠినమైన నియమం. గీత పడితే పడింది, పడకపోతే పడలేదు. "కావచ్చు అని రాసేవాళ్ళు ఇంకోసారి గీకండి" అనేదాన్ని. పిల్లలు దాన్ని ఆటగా పట్టుకుని, క్యాంటీన్‌లో సాంబారు బాగుందా అంటే కూడా 'కావచ్చు' అన్నవాణ్ణి ఏడిపించేవారు.

ఆ అమ్మాయి వెనకబెంచీలో కూర్చునేది. గోపన్‌పల్లి పాత ఊరివాళ్ళు. అంటే ఇప్పుడు టవర్లున్న చోట ఒకప్పుడు వాళ్ళ నానమ్మ వరి కోసింది. భూమిని బిల్డరుకి ఇచ్చి వాటాగా ఫ్లాట్లు తీసుకున్నారు. ఒకదానిలో వాళ్ళుంటారు, మిగతావి సాఫ్ట్‌వేరువాళ్ళకి కిరాయికిచ్చారు. తమ పొలం గాలిలో ఎంత ఎత్తున ఉందో లిఫ్టు బటను చూసి చెప్పగల కుటుంబం. రాళ్ళ వారంలో ఆ పిల్ల మొదట్లో ఏమీ తేలేదు. అందరూ తెచ్చిన తర్వాత ఒక రోజు బ్యాగు రెండు చేతులతో ఈడ్చుకుంటూ వచ్చి, అన్నం డబ్బా తీసి పక్కన పెట్టి, తువ్వాలులో చుట్టిన ముద్దని టేబుల్ మీద పెట్టింది. శుభ్రంగా కడిగి ఉంది. "ఎంత కడిగానో మేడం, ముందు పసుపు నీళ్ళొచ్చినయి, తర్వాత ఎర్ర నీళ్ళు, మళ్ళ పసుపు. స్క్రబ్బరు పాడైంది" అంది, నా మొదటి నియమం తనకన్నా ఎవరూ పాటించలేదన్న గర్వంతో.

పిల్లలు చుట్టూ మూగారు. బూడిద రంగు ముద్దలో గులాబీ, తెలుపు, నలుపు ముక్కలు పొదిగినట్టున్నాయి. పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. పాతరాళ్ళ ముక్కలు కలిసి అతుక్కుని కొత్తరాయి అవుతుందని, పేరు కాంగ్లోమరేట్ అని. "కాంగ్లోమరేట్! కాంగ్లోమరేట్!" అని కిడ్నీరాయి బుడతడు అరిచాడు. చప్పట్లు. క్లాసులో అంత అరుదైన రాయి ఎవరూ తేలేదు. ఆ అమ్మాయి మొదటిసారి ముందుబెంచీలో కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. ఏటిలో దొర్లిన ముక్కలైతే అంచులు నున్నగా ఉంటాయి. ఇందులో ప్రతి ముక్కకీ పదునైన మూలలున్నాయి. ఏరు అలా కొట్టదు. క్రషరు కొడుతుంది. పైగా ఈ చుట్టుపక్కల గ్రానైట్ తప్ప ఇంకోటి నేను చూడలేదు.

"ఇది ఎక్కడిదమ్మా?" అన్నాను.

"మా పోచమ్మ మేడం. బాల్కనీల వాషింగ్ మెషిన్ పక్కన ఉంటది. నానమ్మ ఊరికి పోయింది, వచ్చేలోపు మళ్ళ పెట్టేస్త."

నా చేతిలో ఇనుపమేకు ఉంది. టేబుల్ మీద పెట్టేశాను. మాది ఆదివారం గుడికి కాదు, చర్చికి వెళ్ళే ఇల్లు. రాయికి దండం పెట్టడం మాకు అలవాటు లేదు. కాని రాళ్ళ ముందు మోకాళ్ళమీద కూర్చోవడం చదువులో అలవాటైంది, కనక ఒకరి రాయి అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. "సరే, ఇవాళ్టికి చాలు, తువ్వాలులో చుట్టి లోపల పెట్టేయి" అన్నాను. అక్కడితో ఆగిపోవలసింది. ఆగలేదు, ఎందుకంటే నేను వాళ్ళకి ఆగడం నేర్పలేదు. ఇంకో పిల్ల బడి పక్కన కూలగొట్టిన ప్రహరీ ముక్క తెచ్చుకుంది, తన రాయి అదేనని. నేను అటు తిరిగి ఇంకెవరి పలకో చూస్తుండగా ఆ వెనకబెంచీ అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. గోరు, నాణెం, మేకు. నిమ్మచెక్క పిండింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, గట్టిగా అంటే ఎవరైనా వింటారన్నట్టు అడిగింది.

"మేడం, రెండూ ఒక్కటే. రెండూ బుస్సుమన్నయి. అయితే మా పోచమ్మ సిమెంటా?"

ఆ పిల్ల నోటుబుక్కులో 'కావచ్చు' అని ఎక్కడా లేదు.

నేను ఏదో ఒకటి చెప్పేలోపు రిసెప్షన్ నుంచి ఫోను. ఆ అమ్మాయి తండ్రి వచ్చారట, అర్జెంటట. పిల్లల్ని ఆటలకి పంపి ఆయన్ని ల్యాబులోకే రమ్మన్నాను. బాగా బతికిన మనిషి, తెల్ల చొక్కా, చేతికి కడియం. నమస్తే పెట్టకముందే కళ్ళు టేబుల్ వెతికాయి. వాళ్ళమ్మ ఊరినుంచి అనుకున్నదానికన్నా ముందే వచ్చేసిందట, బాల్కనీలో ఇటుకమీద పోచమ్మ లేదట, ఇల్లంతా పరేషానట, ఆదివారం బోనమట. తువ్వాలు విప్పాను. ఒంటిమీద పసుపు లేని ఆ ముద్దని చూసిన మరుక్షణం ఆయన చూపు దానిమీద లేదు, నామీద ఉంది. దేవుణ్ణి కడిగారన్న కోపానికి నేను సిద్ధంగా ఉన్నాను. అది కాదు అది. పరీక్షలో పక్కవాడి పేపరు చూస్తూ దొరికిపోయినవాడి ముఖం. టీచరుగా ఆ ముఖాన్ని నేను ఎంత దూరంనుంచైనా గుర్తుపడతాను.

"మీకు తెలుసాండీ?" అన్నాను.

కుర్చీలో కూలబడ్డారు. పిల్లల కుర్చీ అది, మోకాళ్ళు గడ్డందాకా వచ్చాయి. "ఎట్ల చెప్పాలె మేడం" అని మొదలుపెట్టి ఎలాగో చెప్పారు. పొలం గట్టున పోచమ్మ, ఎర్రటి రాయి, వాళ్ళమ్మకి అత్తగారి చేతినుంచి వచ్చింది. భూమి ఇవ్వడానికి వాళ్ళమ్మ పెట్టిన షరతు ఒక్కటే. తవ్వే మిషన్ రాకముందు తల్లిని తీసి ఇంటికి తేవాలి, నువ్వే తేవాలి. సరేనన్నారు. మిషన్‌వాడు చెప్పిన రోజుకన్నా ముందే, తెల్లవారుతుండగానే వచ్చేశాడు. ఈయన వెళ్ళేసరికి గట్టు లేదు, పొలం లేదు, అంతా ఒకే రంగు మట్టి. "చేతులతోని తవ్విన మేడం. మొత్తం వెతికిన. ఇంటికాడ అమ్మ స్నానం చేసి దారి చూస్తున్నది. మట్టిల ఒకటి చేతికి తాకింది, రాయే అనుకున్న. పసుపు పూస్తుంటే అర్థమైంది, పక్క సైటు సిమెంటు పెళ్ళ అని. ఇగ ఇంకింత మందంగ పూసిన."

"ఇంత రాతినేలలో మీకు ఒక్క రాయి దొరకలేదాండీ?" అన్నాను. అడగకూడని మాటే.

"దొరుకుతుండె. నా చేతులు ఆగుతలేవు మేడం, అప్పుడు." కడియం తిప్పుకుంటూ, "అమ్మ చూసి, చిన్నగయిందేందిరా అన్నది. సగం భూమిల ఇరుక్కుంది, తెగ్గొట్టి తెచ్చిన అని చెప్పిన. దండం పెట్టుకొని తీసుకున్నది. ఈ పిల్ల పుట్టినప్పుడు దవాఖానలోంచి ముందు దాని దగ్గరికే తెచ్చినం. మీరు జర పెద్దమనసు చేసుకొని, అది మంచి రాయేనని పిల్లతోని అనున్రి. మీ మాటైతే ఇంటది."

"మీ అమ్మాయి నా మాట విని కనుక్కోలేదండీ. తనే గీకి చూసుకుంది."

ఆయన ఏమంటారో తెలిసేలోపు తలుపు దగ్గర అలికిడి. ఇంట్లో కూర్చోలేక ఆటో ఎక్కి వచ్చేసింది ఆవిడ. మెడలో పుస్తెలతాడు, దానిమీద మా సెక్యూరిటీ వేసిన 'విజిటర్' ట్యాగు. చెయ్యి పట్టుకుని మనవరాలు. ఆటస్థలంలో నానమ్మని చూసి తనే తీసుకొచ్చింది. ఆవిడ నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చి ముద్దని రెండు చేతులా ఎత్తుకుంది.

"ఎవలే నా తల్లికి తానం పోసింది?"

"నేనే నానమ్మా."

"పొయ్యవడితివి గని నాకు చెప్పద్దా? ఎంత పరేషానైన్నో తెలుసా? మంచిదే తియ్యి, ఎన్నడన్న ఒకనాడు పొయ్యాల్సిందే." అంటూ బొటనవేలితో పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరింది. వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ నిమిరింది. "గిదేంది గిట్ల గరుకున్నది? ఈ తెల్ల మచ్చ ఏంది?"

"నిమ్మరసం వేసిన నానమ్మా. మేకుతోని గీకిన."

"గీత పడ్డదా?"

ఆ పిల్ల నావైపు చూసింది. నేను తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు. వాళ్ళ నాన్న గోడమీదున్న గ్రహాల చార్టు చూస్తున్నారు. అబద్ధం చెప్పు అని ఆ గదిలో ఎవరైనా అనగలిగి ఉంటే ఆ క్షణంలోనే అనాలి. ఎవరమూ అనలేదు.

"పడ్డది. ఇది రాయి కాదు నానమ్మా. సిమెంటు."

ఆవిడ మనవరాలిని కోప్పడలేదు. నమ్మనూ లేదు, నమ్మకపోనూ లేదు. తల తిప్పి కొడుకుని చూసింది. "ఏమ్‌రా?" అంది, అంతే. ఆయన నాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పారు, ఈసారి సగం మాటల్లో. మిషనోడు, తెల్లారకముందే, చేతులతోని. ఆవిడ ముద్దని ఒళ్ళో పెట్టుకుని విన్నది. పూర్తయ్యాక ఒక్క మాట అడిగింది.

"మరి గిన్నేండ్లు నేను పెట్టిన బోనం ఎవలు తిన్నరురా?"

ఆవిడ నావైపు తిరిగింది. "టీచరమ్మా, రాళ్ళ సదువు సదివినవంట గదా. నా అసలు తల్లి ఇప్పుడు యాడున్నదో నీ సదువుల ఉన్నదా?"

ఉంది. టవరు కింద పునాదిలో ఉంటుంది, లేకపోతే మిగతా బండలతోపాటు అక్కడే క్రషరులో పడి కంకరైపోయి ఉంటుంది. పెద్ద సైట్లలో తవ్విన రాయిని తవ్విన చోటే కొట్టి కాంక్రీటులో వేసుకుంటారు. ఇది చెబుతూ నేను ముద్దలో గులాబీ ముక్కల్ని చూశాను. వాళ్ళబ్బాయి చెప్పిన ఎర్రరాయి ఆ రంగే అయి ఉంటుంది. ఈ ఊళ్ళో సగం రాళ్ళు ఆ రంగే అన్నది కూడా నాకు తెలుసు. ఆ రెండు సంగతుల్లో ఏది చెప్పాలో ఎంచుకునే వ్యవధి లేదు.

"ఈ ఎర్రముక్కలు మీ గట్టుమీద రాయి పుట్టిన గుట్టవే కావచ్చునమ్మా" అన్నాను.

మనవరాలు చటుక్కున తలెత్తి నన్ను చూసింది. అంత మాటకి క్లాసులో అయితే ఇంకోసారి గీకమనేదాన్ని.

"కావచ్చునా?" అంది ఆవిడ. వెక్కిరింపు కాదు. ఆ మాట ఎంత బరువుందో చేత్తో చూస్తున్నట్టు అంది. తర్వాత లేచి, ముద్దని నా టేబుల్ మీద, కిడ్నీరాయి సీసా పక్కన పెట్టింది. "నీ బడిల్నే ఉంచుకో బిడ్డా. పోరగాండ్లకు సూపెట్టు." కొడుకు కారు తలుపు తీసి నిలబడితే అటు చూడకుండా ఆటో ఎక్కింది. మెడలో విజిటర్ ట్యాగు అలాగే ఉంది. సెక్యూరిటీ అతను "అవ్వా, ట్యాగు! ట్యాగు!" అంటూ గేటుదాకా పరుగెత్తాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఆ ట్యాగు ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉందట. మా బడికి ఆవిడ శాశ్వత విజిటర్.

తర్వాతి సంగతులు ఆ అమ్మాయి చెబితే తెలిసినవి. ఆదివారం బోనం ఆగలేదు. వండిన బోనం నెత్తిన పెట్టుకుని ఆవిడ లిఫ్టులో సెల్లారుకి దిగింది. ప్రహరీ అవతల ఇంకా మిగిలి ఉన్న గుట్టని ర్యాంపుమీదినుంచి గురిచూసుకుని, పాత బావి ఉన్న చోటు ఇప్పుడు నీళ్ళ ట్యాంకయింది కనక అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చి, పోచమ్మ ఉన్న గట్టు ఇదేనని ఒకచోట ఆగింది. అది ఒకానొక సాఫ్ట్‌వేరు దంపతుల పార్కింగు. తెల్లకారు. కారు పక్కన పసుపునీళ్ళలో వేపాకు వేసిన సాక పోసి, బోనం దించి, దండం పెట్టి, లేచి వెళ్ళిపోయింది. అసోసియేషన్ గ్రూపులో పెద్ద చర్చ నడిచింది. కామన్ ఏరియాలో మతపరమైన కార్యక్రమాలకి అనుమతి ఉందా అని ఒకరు, అది కామన్ ఏరియా కాదు మా పార్కింగని కారువాళ్ళు. చివరికి కారు ఆయనే, ఏడాదికి ఒక పూట బండి బయట పెట్టుకుంటాను, ఇంతకీ మా ఆవిడకి ప్రసాదం పంపుతారా అని అడగడంతో ఆ చర్చ ముగిసింది. అంత సులువుగా ముగిసిన చర్చ అది ఒక్కటే. కొడుకుతో మాత్రం ఆవిడ మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, కంచం ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది. ఏదైనా కావాలంటే మనవరాలితో చెప్పిస్తుంది. "మీ నాయినకు చెప్పు, గ్యాసు అయిపోయిందని." ఆయన అక్కడే ఉంటారు.

ఆ అమ్మాయి తర్వాత ఇంకే రాయీ తేలేదు. ఒకసారి కారిడారులో ఆగి, "మేడం, నేను కడగకపోతే ఇట్ల కాకపోతుండె గదా" అంది. నేను నా నియమాలన్నీ గుర్తు చేసుకున్నాను. "నువ్వు చేసింది సరైన పనమ్మా" అన్నాను. సరైన పని అంటే ఆ పిల్లకి అప్పటికే అనుమానం పట్టుకుంది, నాకూ కొంచెం. ఆ ఏడాదినుంచి రాళ్ళ వారానికి ముందు ఒక మాట చేర్చాను. ఇంట్లో ఎవరైనా దండం పెట్టుకునే రాయి తేవద్దు. మర్నాడు ఒక తల్లి ఫోను చేసి, మా ఆయన కొత్త కిచెన్ ప్లాట్‌ఫారానికి రోజూ దండం పెట్టినంత పని చేస్తున్నారు, దాని ముక్క తేవచ్చా అని అడిగింది.

తర్వాతి ఏడు ఆషాఢంలో ఆ అమ్మాయి ఒక పొట్లం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. కాగితంలో పసుపు, ఇంకో మడతలో కుంకుమ.

"మీ దగ్గర ఉన్నదానికి జర పెట్టమన్నది నానమ్మ."

"సిమెంటని తెలుసు కదమ్మా ఆవిడకి?"

"నేనూ అదే అన్న మేడం. 'తెలుసు తియ్యి. గిన్నేండ్లు నా చేతి బోనం తిన్నది గదనే, ఇప్పుడు పస్తు పెడితే నాకు పాపం' అన్నది."

అందరూ వెళ్ళాక ల్యాబు తలుపు దగ్గరికి వేసి పెట్టాను. ఎలా పెట్టాలో తెలియదు. రెండు వేళ్ళతో ముందు పసుపు, మధ్యలో కుంకుమ. ముక్కలమీద నిలవలేదు, సిమెంటు మాత్రం బాగా పీల్చుకుంది. గ్రానైటుకి ఆ గుణం ఉండదు. ఈ సంగతి మా అత్తగారికి ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడ బైబిలు తప్ప ఇంకేమీ చదవరు కనక ధైర్యంగా రాస్తున్నాను. అప్పటినుంచి ఏటా పొట్లం వస్తూనే ఉంది. ఆ అమ్మాయి మా బడి దాటి కాలేజీకి వెళ్ళినా, గేటు దగ్గర ఇచ్చి వెళుతుంది. ఈ ఏడు మాత్రం రాలేదు.

ఇంతవరకూ రాసి నిన్న పెన్ను మూశాను. ఇవాళ మధ్యాహ్నం వరండాలో పెట్టెల మధ్య నిలబడి ఎవరో నన్ను అడుగుతున్నారంటే బయటికి వచ్చాను. కొడుకు. జుట్టు నెరిసింది, కడియం లేదు. చేతిలో పొట్లం. నేను ఏమడగాలో వెతుక్కుంటుంటే ఆయనే, "అమ్మ బాగనే ఉంది మేడం, ఫికర్ చెయ్యకున్రి. మోకాళ్ళు పని చేస్తలేవు. లిఫ్టు కాడికి గూడ నడుస్తలేదు" అన్నారు. సెల్లారులో సాక ఈసారి ఆయనే పోసి వచ్చారట. తప్పు చోట పోస్తాడని ఆవిడ బాల్కనీలో కూర్చుని ఫోనులో మనవరాలిని మధ్యన పెట్టి, ఎడమకు జరగమను, ఇంకా జరగమను అని చెప్పించిందట. ఆఖరికి ఫోను లాక్కుని తనే అందట, "ఆడ్నే. ఆడ్నే పొయ్యిరా" అని.

"అయితే మాట్లాడారన్నమాట" అన్నాను.

"మాట్లాడలే మేడం. పని చెప్పింది." కాస్త నవ్వారు. "ఇది గూడ నన్నే ఇచ్చి రమ్మన్నది."

పొట్లం నాకు ఇవ్వబోయి ఆగారు. పెట్టెమీదున్న ముద్దని చూశారు. వంగి, బొటనవేలు పసుపులో ముంచి, తను మట్టిలోంచి తీసిన దానికి తనే పెట్టారు. ఈసారి పల్చగా, కింద ఉన్నదేదో కనిపించేలాగే. ఆయన వెళ్ళాక చీటీ తీసుకుని పేరు దగ్గర కాంక్రీటు అని రాశాను, దొరికిన చోటు దగ్గర గోపన్‌పల్లి అని రాశాను. వయసు దగ్గర మాత్రం పెన్ను ఆగింది. లోపలి ముక్కలకి రెండువందల యాభై కోట్ల ఏళ్ళు, వాటిని పట్టుకున్న సిమెంటుకి ఆ పిల్ల కన్నా కాస్త ఎక్కువ, పైన పసుపుకి ఒక మధ్యాహ్నం. మూడూ సరైనవే. ఒక తల్లి కొడుకుకి మళ్ళీ పని చెప్పడానికి పట్టిన కాలం వీటిలో దేనితో కొలవాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను.